పడవ ప్రమాదం: దైవ నిర్ణయమా? మన నిర్లక్ష్యమా?



పడవ మునిగి జనం చనిపోయారన్న వార్త వచ్చిన ప్రతిసారీ మన ఇళ్ళలో, వీధి అరుగుల మీద, చివరకు గుడి ఆవరణలో కూడా ఒక మాట వినిపిస్తుంది. "అంతా దేవుని చిత్తం. వాళ్ళకు అలా రాసిపెట్టి ఉంది." ఈ మాట అనేవారు చెడ్డ ఉద్దేశంతో అనరు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పక్కన కూర్చుని, ఓదార్చడానికి వేరే మాట దొరకక అంటారు. అయినా మనం ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. పట్టవలసినవారికంటే ఎక్కువమందిని ఎక్కించుకొని, ఉధృతంగా ఉన్న నీటిలోకి వెళ్ళి, ఒంటిమీద లైఫ్ జాకెట్ లేకుండా మనుషులు మునిగిపోతే అది దేవుని నిర్ణయమా? లేక మనం చేసిన పనికి దేవుని పేరు పెడుతున్నామా?

కొన్ని సంఘటనలు గుర్తుచేసుకుందాం. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర, కృష్ణా గోదావరి జలాలు కలిసే పవిత్ర సంగమం వద్ద విహార పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. ఆ పడవకు పర్యాటకులను తిప్పే అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15న అప్పటి తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు వద్ద, పాపికొండలు చూడబోతున్న లాంచీ వరద గోదావరిలో మునిగింది. అందులో 77 మంది ఉన్నారని, 26 మంది మాత్రమే బ్రతికారని చివరకు తేలింది. ఎంతమంది ఎక్కారన్న విషయంలో మొదట ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. 2023 మే 7న కేరళలోని తానూరులో, విహారానికి మార్చిన చేపల పడవ ఒకటి చీకటి పడుతున్న వేళ మునిగి 22 మందిని బలిగొంది. ఈ మూడూ ఆదివారాలే. కుటుంబంతో సంతోషంగా గడుపుదామని బయలుదేరిన రోజులు. 2024 జనవరి 18న వడోదరలోని హర్ని చెరువులో విహారయాత్రకు వచ్చిన 12 మంది బడి పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు పడవ బోల్తాపడి చనిపోయారు. చాలామంది పిల్లలకు లైఫ్ జాకెట్లు లేవు.

విహారం తప్పు కాదు. అలసిన మనసుకు ఆటవిడుపు అవసరమని పునీత తోమాసు అక్వినాసువారే బోధించారు. గోదావరి మీద పడవలో పోతూ కొండలను చూసి సృష్టికర్తను స్తుతించడం మంచి విషయమే. మన ప్రశ్న వినోదం గురించి కాదు, బాధ్యత గురించి.

13వ శతాబ్దానికి చెందిన అదే తోమాసువారు మన ప్రశ్నకు చాలా దగ్గరి ప్రశ్నను చర్చించారు. చంపాలనే ఉద్దేశం లేకుండా, అనుకోకుండా ఒకని మరణానికి కారణమైనవాడు నరహత్యా దోషి అవుతాడా? ఆయన రెండు సందర్భాలను వేరుచేసి చూపారు. న్యాయమైన పని చేస్తూ, తీసుకోవలసిన జాగ్రత్త అంతా తీసుకున్నా ప్రాణం పోతే ఆ మనిషి దోషి కాడు. పని న్యాయమైనదే అయినా, తగిన జాగ్రత్త తీసుకోకపోతే దోషం నుండి తప్పించుకోలేడు. తొలగించవలసిన అపాయాన్ని తొలగించకుండా వదిలేసినవాడు, ఆ తర్వాత జరిగినదానికి ఒక విధంగా ఒప్పుకున్నట్లే. అంటే "కావాలని చేయలేదు" అన్న ఒక్క మాట చాలదు. "కాకుండా ఉండటానికి చేయవలసింది చేశాను" అని కూడా అంతరాత్మ ముందు చెప్పగలగాలి.

"పడవల సంగతి మాకేం తెలుసు ఫాదర్?" అని మీరు అడగవచ్చు. సులభంగా తెలుసుకోగలిగినదాన్ని తెలుసుకోకుండా ఉండటం కూడా నిర్లక్ష్యమే. తెలుసుకోవలసింది ఎక్కువేమీ లేదు. పడవ నీటిమీద తక్కెడలాంటిది. బరువు అడుగున ఉన్నంతసేపు నిలకడగా ఉంటుంది. జనం పై అంతస్తుకు ఎక్కేకొద్దీ బరువు పైకి జరిగి, చిన్న కుదుపుకే ఒరుగుతుంది. అందరూ ఫోటో కోసం ఒక పక్కకు వస్తే ఆ పక్కకే వాలుతుంది. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి సరస్సులో ఒడ్డున అడవి జంతువులు కనిపించగానే ప్రయాణికులు ఒక వైపుకు జరిగారు. పడవ ఒరిగి 45 మంది చనిపోయారు. ఒకసారి లోపలికి నీరు చేరితే ఆ నీరు కూడా ఒరిగిన వైపుకే పరుగెత్తి పడవను ఇంకా వంచుతుంది. అప్పుడు మూసి ఉన్న గదిలో ఉన్నవారికి బయటపడే వ్యవధి ఉండదు. నది మలుపుల్లో సుడులుంటాయి. ఊళ్ళకు ప్రమాదం లేని వరద కూడా పడవకు ప్రమాదం కావచ్చు. ఇవన్నీ ముందుగా తెలిసినవే. ముందుగా తెలిసినదాన్ని "అనుకోకుండా జరిగింది" అనడం సత్యం కాదు.

పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. లేకపోతే ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుంది. పడినవాడు తనంతట తానే పడ్డాడు కదా, ఇంటివాడు తోయలేదు కదా అని అక్కడ వాదన లేదు. నిర్గమకాండంలో పొడిచే ఎద్దు గురించి కూడా ఇదే న్యాయం. ఆ ఎద్దుకు పొడిచే అలవాటుందని ముందే హెచ్చరించినా యజమాని దానిని కట్టివేయకపోతే, జరిగిన ప్రాణహానికి అతడే బాధ్యుడు. పడవకు లైఫ్ జాకెట్ పిట్టగోడ వంటిది. ఇంతమందికంటే ఎక్కరాదు అన్న సంఖ్య కూడా పిట్టగోడే. మన దేశ చట్టం కూడా కొత్తగా ఏమీ చెప్పడం లేదు. అధిక బరువుతో లేదా పాడైన పడవలో కిరాయికి మనుషులను తీసుకువెళ్ళి ప్రాణాపాయం కలిగించడం 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలోనే నేరం. 2024లో దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ నేరమే.

మరి దోషం ఎవరిది? లాభం కోసం ఎక్కువమందిని ఎక్కించిన యజమానిది. నీటి పరిస్థితి చూసి కూడా లంగరు తీసిన సరంగుది. తనిఖీ చేయకుండా సంతకం పెట్టిన అధికారిది. వీరి బాధ్యత పెద్దది, దానిని తగ్గించి చెప్పకూడదు. కాని మనం ఎక్కేవాళ్ళం కూడా పూర్తిగా బయట నిలబడలేము. కిరాయి దగ్గర గీచి గీచి బేరమాడతాం. మనం తగ్గించిన డబ్బును పడవవాడు తలల లెక్కలో రాబట్టుకుంటాడు. "మా బంధువులు ఇంకో నలుగురున్నారు, ఎలాగో సర్దండి" అని బ్రతిమాలేదీ మనమే. జాకెట్ ఇస్తే ఉక్కపోస్తోందని, ఫోటోలో బాగుండదని విప్పేది మనమే. పడవవాడు "ఏం కాదులే అమ్మా, రోజూ తిప్పుతున్నాం" అంటాడు. మనకూ ఆ మాటే వినాలని ఉంటుంది. ప్రయాణానికి ముందు "ఏం కాదులే", ప్రయాణం తర్వాత "రాసిపెట్టి ఉంది". ఈ రెండు మాటల మధ్య మన బాధ్యత ఎక్కడికి పోయింది?

ఇది చనిపోయినవారిని నిందించడానికి రాయడం లేదు. వారిలో చాలామందికి ఎవరూ ఏమీ చెప్పలేదు. పసిపిల్లలకైతే ఎంచుకునే అవకాశమే లేదు. బ్రతికి ఉన్న మన కోసమే ఈ మాటలు.

"దేవునిపై నమ్మకం ఉంటే ఇంత భయం ఎందుకు? ప్రార్థన చేసుకొనే ఎక్కుతున్నాం కదా" అనేవారూ ఉన్నారు. వారు అపోస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదవాలి. ఈ కాలంలో ప్రయాణం మంచిది కాదని పౌలు హెచ్చరించాడు. శతాధిపతి పౌలు మాటకంటే ఓడ నడిపేవాని మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. పైగా ఎక్కువమంది వెళ్దామనే అన్నారు, గాలి కూడా అనుకూలంగా కనిపించింది. తర్వాత తుఫాను వచ్చింది. ఓడలోని 276 మందిలో ఎవరికీ ప్రాణహాని జరగదని దేవదూత పౌలుకు మాట ఇచ్చాడు. అయినా నావికులు చిన్న పడవ దించుకొని పారిపోబోతే పౌలు ఊరుకోలేదు. వీరు ఓడలో ఉండకపోతే మీరు బ్రతకలేరని సైనికులకు చెప్పాడు. దేవుని వాగ్దానం ఉన్నచోట కూడా నావికుని అవసరం తీరిపోలేదు. విశ్వాసం జాగ్రత్తకు బదులుగా పనిచేసేది కాదు. విశ్వాసం ఉన్నవాడు ఇంకా జాగ్రత్తగా ఉంటాడు, ఎందుకంటే తన ప్రాణం, పక్కవాని ప్రాణం దేవుని సొత్తు అని అతనికి తెలుసు. అందుకే మన శ్రీసభ సత్యోపదేశం, తాగిన మత్తులో గాని వేగంపై మోజుతో గాని ఇతరులను అపాయంలో పడవేయడం ఘోరమైన దోషమని ఐదవ ఆజ్ఞ కింద బోధిస్తుంది. అక్కడ రోడ్డుతోపాటు సముద్రం పేరు కూడా ఉంది.

కాబట్టి విచారణ యువజన సంఘంగాని, సత్యోపదేశ తరగతి పిల్లలుగాని, మీ కుటుంబంగాని పడవ ఎక్కేముందు ఈ కింది విషయాలు పాటించండి.

1. పడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం, నడిపేవారికి అర్హత పత్రం ఉన్నాయా అని అడగండి. 2021 నాటి అంతర్గత జలరవాణా నౌకల చట్టం ప్రకారం ఇవి ఉండాలి. అడగడం అవమానించడం కాదు.

2. ఎంతమందికి అనుమతి ఉందో తెలుసుకొని, ఎక్కినవారిని మీరే లెక్కపెట్టండి. చంకలోని బిడ్డ కూడా ఒక ప్రాణమే. పేర్ల జాబితా ఒకటి ఒడ్డున ఉండేవారి చేతిలో పెట్టండి.

3. లైఫ్ జాకెట్ రేవులోనే తొడుక్కొని, పట్టీలు బిగించండి. భోజనం వేళ కూడా విప్పవద్దు. పెద్దవారి జాకెట్ పిల్లలకు వేస్తే నీటిలో తలమీదుగా జారిపోతుంది, పిల్లల సైజు అడగండి. ఈత వచ్చినవారికీ జాకెట్ కావాలి. తలకు దెబ్బ తగిలితే ఈత పనికిరాదు.

4. ఎక్కగానే బయటికి దారి ఎటు ఉందో చూసుకోండి. ఏం కనిపించినా అందరూ ఒకే పక్కకు వెళ్ళకండి.

5. పడవలో మద్యం వద్దు. నడిపేవాడు తాగి ఉంటే ఎక్కవద్దు.

6. వరద, ఈదురుగాలి, చీకటి, ఈ మూడింటిలో ఏది ఉన్నా వెనక్కి రండి. కట్టిన అడ్వాన్సు పోతే పోనివ్వండి.

ఈ ఆరింటిలో కష్టమైనది చివరిది. రేవులో 40 మంది ఎదురుచూస్తుంటే ఒక్కరు "నేను ఎక్కను, నా పిల్లలను ఎక్కించను" అనడం సులభం కాదు. "నీ ఒక్కడి కోసం అందరి సరదా పాడుచేస్తావా?" అంటారు. పిరికివాడంటారు. కాని ఆ క్షణంలో ధైర్యవంతుడు అతడొక్కడే. ధైర్యమంటే అపాయంలోకి దూకడం కాదు, మంచి కోసం నలుగురి మాట పడగలగడం. ఆ ఒక్కరి మాట విని ఇంకో ఇద్దరు ఆగితే, పడవలో ముగ్గురి బరువు తగ్గుతుంది. సంఘం నాయకులుగా, ఉపాధ్యాయులుగా పిల్లలను తీసుకువెళ్ళేవారికి ఇది ధైర్యమే కాదు, విధి. తల్లిదండ్రులు తమ బిడ్డలను వారి చేతుల్లో పెట్టారు.

కచ్చులూరులో బ్రతికిన ఆ 26 మంది ఎలా బ్రతికారో మరచిపోకూడదు. లాంచీ మునగడం చూసి గిరిజన గ్రామస్థులు తమ చిన్న పడవలు వేసుకొని వరద నదిలోకి వెళ్ళి వారిని లాగి ఒడ్డుకు చేర్చారు. వారు ఎవరి దగ్గరా టిక్కెట్టు డబ్బు తీసుకోలేదు. ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. అయినా ఎదుట మునుగుతున్నవాడు తమ బాధ్యత అనుకున్నారు. దేవుని చిత్తం ఏమిటో ఆ రోజు గోదావరి మీద చూడాలనుకుంటే ఆ చిన్న పడవలలో చూడాలి, మునిగిన లాంచీలో కాదు.

ఈసారి మీ ఇంట్లో విహారయాత్ర మాట వచ్చినప్పుడు, ఎక్కడికి వెళ్దాం, ఎంత ఖర్చవుతుంది అన్న ప్రశ్నలతోపాటు, మనందరం క్షేమంగా తిరిగి రావడానికి ఎవరెవరు ఏం చూసుకోవాలి అన్న ప్రశ్న కూడా వేసుకోండి. పిల్లల ముందే వేసుకోండి. పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞ రేవు దగ్గర ఆగిపోదని వారికి అలా తెలుస్తుంది.