తాడు పట్టుకున్నవాడు

పోయిన జనవరిలో అమెరికాలోని మాడిసన్ నగరంలో మా అమ్మాయి ఇంట్లో నెల రోజులున్నాను. పొద్దున్నే వాళ్ళ కుక్కను మెండోటా సరస్సు గట్టున తిప్పుకు రావడం నా వంతు. చలికి జడిసి రెండు రోజులు తప్పించుకున్నాను గానీ ఆ తర్వాత అలవాటయింది.

సరస్సంతా గడ్డకట్టి ఉంది. ఏ యేడు ఎప్పుడు గడ్డకట్టిందో, ఎప్పుడు కరిగిందో అక్కడివాళ్ళు 1850ల నుంచి రాసిపెట్టారు. పిక్నిక్ పాయింట్ నుంచి మేపుల్ బ్లఫ్ దాకా పడవ వేసుకుని పోగలమా లేదా అన్నది పాతకాలం నుంచీ వాళ్ళ కొలత. ఇప్పుడు గడ్డకట్టి ఉండే రోజులు బాగా తగ్గాయని ఆ లెక్కే చెబుతోంది. లెడ్జర్లతో బతికినవాణ్ణి, ఆ ఖాతా చూస్తే ముచ్చటేసింది.

ఒకనాడు దూరంగా ఇద్దరు మనుషులు గడ్డకు రంధ్రం చేసి చేపలు పడుతూ కనిపించారు. వాళ్ళు ఉండగా లేనిది మనకేమని నేనూ దిగాను. కుక్క నా వెంట దిగింది. పది అడుగులు వేశామో లేదో కింద ఎక్కడో ధణ్‌మని మోగింది. ఆగాను. కుక్క గడ్డ వంక చూడలేదు, నా ముఖం వంక చూసింది.

కొత్త గడ్డ, తెల్లబారకుండా స్వచ్ఛంగా ఉన్నది, 4 అంగుళాల మందం ఉంటేనే నడవమని పక్క రాష్ట్రం మిన్నెసోటా సర్కారు చెబుతుంది. ఏ గడ్డనూ పూర్తిగా నమ్మవద్దని కూడా అంటుంది. అదంతా నేను చదివాను. కొలవలేదు.

ఆ చూపు నాకు కొత్త కాదు. 1998లో హోసూరు వైపు ఒక శాఖలో పనిచేస్తుండగా ఒక ముసలి రైతు మేనల్లుడి అప్పుకు హామీ ఉండవచ్చాడు. కాగితాలు ఇంగ్లీషులో, అరవంలో ఉన్నాయి. ఆయనకు వచ్చింది తెలుగొక్కటే. "నువ్వు సెప్తే సాలు నాయినా" అన్నాడు. సాక్షి సంతకం లాంటిదేలే అన్నాను. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, వేరే షరతు లేకపోతే, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారుదీ అంతే. బి.కాం.లో ఆ సెక్షను రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. కౌంటరు ముందు జనం ఉన్నారు, తొందర. మేనల్లుడు ఎగ్గొట్టాడు. ముసలాయన ఆవుల్ని అమ్మి కట్టాడు. కట్టడానికి వచ్చినప్పుడల్లా నాకు దండం పెట్టేవాడు. తిట్టి ఉంటే బాగుండేది.

చదవకుండా వేలిముద్ర వేయడం అతని తప్పేనని తోటివాళ్ళు అనేవారు. చదవగలిగినవాడైతే నేనూ ఒప్పుకుంటాను. చట్టానికి వేలిముద్ర చాలు. కానీ తెలియనివాడి ఒప్పుకోలు ఎవరి ఖాతాలో రాయాలి? ధర్మరాజు స్వర్గద్వారం దగ్గర కుక్కను వదలలేదని మెచ్చుకుంటాం. ఆ కుక్క మెడకు తాడు లేదు, తనంతట తాను వెంట వచ్చింది. తాడు మన చేతిలో ఉన్నప్పుడు వదలకపోవడం ఒక్కటే సరిపోతుందా? ఎక్కడికి తీసుకుపోతున్నామో ముందు మనం కొలిచి చూసుకోవద్దూ? అన్నీ కొలుస్తూ కూర్చుంటే కౌంటరు నడవదన్నదీ నిజమే. ఆనాడు నాకు కావలసింది రెండు నిమిషాలు.

మెల్లగా వెనక్కి గట్టెక్కాం. ఇంటికి వచ్చాక దాని పాదాలకు అంటిన రోడ్డు ఉప్పు తుడుస్తుంటే అమ్మాయి అడిగింది, "ఇవ్వాళ తొందరగా వచ్చేశావేం నాన్నా?" అని.

చలిగా ఉందమ్మా అన్నాను.