ఎఫ్రాతా మార్గమున ఒక సమాధి

ధ్యాన భాగము: ఆదికాండము 35:16-20, 48:7



వయసు నిండి పోయినవారిని గూర్చి మనము నిబ్బరముగానే మాటలాడుదుము. తాతగారు ఏమి తినెడివారో, ఎవరిని ఏమని కసరెడివారో చెప్పుకొని నవ్వుకొందుము కూడ. కాని పడుచు వయసున పోయినవారి పేరు మన యిండ్లలో ఎవరును ఎత్తరు. ఫోటోను పెట్టె అడుగున చీరల క్రింద దాచుదురు. తల్లి వచ్చుచున్నదనగానే ఆ మాట ఆపుమని ఒకరికొకరు కనుసైగ చేసికొందురు. దీనిని మనము దయ యనుకొందుము. ఇది నిజముగా దయయేనా యని ఈ నెల ధ్యానింతము.

మన జిల్లాలో ఇట్టి మరణములకు కొదువ లేదు. ఉద్దానపు పల్లెలలో మూత్రపిండముల జబ్బు చిన్నబిడ్డల తండ్రులను నడివయసు దాటనీయక తీసికొనిపోవుచున్నది. ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్డని బోర్డు గల మన స్టేషనులో, పని కొరకు రైలెక్కి దూరపు పట్టణములకు పోయిన కుఱ్ఱవారిలో కొందరు శవమై అంబులెన్సులో తిరిగి వచ్చుచున్నారు. కాన్పుకు పోయిన ఆడుబిడ్డ తాను రాక, పసికందు మాత్రమే పొత్తిళ్లలో ఇల్లు చేరిన సంగతులును మన మెరుగుదుము.

రాహేలు సంగతి అట్టిదే. యాకోబు ఇంటివారు బేతేలు విడిచి ప్రయాణమై పోవుచుండిరి. ఎఫ్రాతా అను బేత్లెహేము ఇంక కొంత దూరమున్నది. త్రోవలోనే ఆమెకు నొప్పులు వచ్చెను. మంత్రసాని ధైర్యము చెప్పెను. మగబిడ్డ పుట్టెను, తల్లి ప్రాణము పోవుచుండెను. పోవుచు పోవుచు ఆమె ఆ బిడ్డకు బెనోని యని పేరు పెట్టెను. నా దుఃఖపు కొడుకు అని దాని యర్థము. ఏడేండ్లు కొలువు చేసి, మరి యేడేండ్లును చేసి సంపాదించుకొన్న భార్యను యాకోబు త్రోవ ప్రక్కన పాతిపెట్టవలసి వచ్చెను. అప్పుడును ఆ తరువాతను అతడు చేసిన మూడు పనులను చూడుడి.

మొదటిది, అతడు గుర్తు నిలిపెను, పేరు మరుగుపరచలేదు. సమాధిమీద ఒక స్తంభము నిలువబెట్టెను. సౌలు రాజగు కాలమునకు కూడ త్రోవ చెప్పువారు రాహేలు సమాధిని ఆనవాలుగా చెప్పిరి (1 సమూయేలు 10:2). అంతకంటె గొప్ప సంగతి 48వ అధ్యాయములో నున్నది. యాకోబు ముసలివాడై, ఐగుప్తులో మంచము పట్టి, యోసేపు కుమారులకు రావలసిన భాగమును గూర్చి మాటలాడుచున్నాడు. ఆ మాటల నడుమ హఠాత్తుగా రాహేలు చనిపోయిన సంగతి ఎత్తెను. ఏ దేశమున, ఏ త్రోవన, ఊరికి ఎంత దూరమున అన్నది అతనికి ఏదియు మరపు రాలేదు. వినుచున్నవాడు ఎవడు? ఆ రాహేలు పెద్ద కుమారుడే. తల్లిలేక పెరిగిన ఆ కొడుకు ఇప్పుడు రాజ్యమేలుచున్న పెద్దమనిషి. అయినను తల్లి మాట తండ్రి నోట వినుట అతనికి ఎంత ఆదరణయై యుండును!

మన ప్రాంతపు పల్లెలో ఒక యింట అయిదేండ్లు నిండని పిల్లను మేము ఎరుగుదుము. తల్లి ఆమె పుట్టినపుడే పోయినది. మీ యమ్మ పేరేమి యని మేమడుగగా ఆ పిల్ల మామ్మ ముఖము చూచి, "మా యమ్మ పేరేటి, మామ్మా?" అనెను. ఇంట ఎవరును పలుకనందున ఆ పేరు పిల్ల చెవిని పడలేదు. ఆ మామ్మ చాల సేపు మాటలాడలేదు. తరువాత లోపలికి పోయి ఫోటో తెచ్చి పిల్ల ఒడిలో పెట్టి, పేరు చెప్పి, బావురుమని యేడ్చెను. మేము ఆమెను ఆపలేదు. లాజరు సమాధియొద్ద మన ప్రభువే కన్నీరు విడిచెను (యోహాను 11:35). మనకు ఆపుటకు అధికారమెక్కడిది? ఆ దినమునుండి ఆ ఫోటో గోడమీదనే యున్నది.

రెండవది, యాకోబు ఆ మరణభారమును బిడ్డ నెత్తిన పెట్టలేదు. అతడు భార్యను ప్రేమించెను గాని ఆమె చివరిమాటగా పెట్టిన పేరును నిలుపలేదు, మార్చెను. బెన్యామీను అనెను, కుడిచేతి కుమారుడని అర్థము. బెనోని అను పేరే నిలిచియుండినయెడల, పిలిచిన ప్రతిసారి నీవలన నీ తల్లి పోయినదని చెప్పినట్లే యగును. యాకోబు దానిని సహింపలేదు.

ప్రియులారా, మన పల్లెలలో ఇట్టి పిల్లను "తల్లిని మింగిన గుంట" అనుట మీరు వినియున్నారు. కొడుకు పోయిన యింట, కోడలు కాలు పెట్టిన వేళ మంచిది కాదందురు. ఇవి క్రైస్తవుల నోట రాదగిన మాటలు కావు. పుట్టు గ్రుడ్డివానిని చూచి, వీడు పాపము చేసెనా, వీని కన్నవారు చేసిరా యని శిష్యులడుగగా, ప్రభువు ఆ రెంటిని త్రోసివేసెను (యోహాను 9:1-3). కాన్పులో తల్లి పోవుట ఎందువలననో నేడు వైద్యులు తేటగా చెప్పుచున్నారు. మన దేశమున అట్టి మరణములకు పెద్ద కారణము కాన్పు తరువాత ఆగని రక్తస్రావము. తల్లి ఒంట రక్తము ముందే తక్కువయైనచో అపాయము మరింత హెచ్చు. ఆసుపత్రి చేరుటలో ఆలస్యమును ప్రాణము తీయును. ఇందులో పసికందు చేసిన నేరమేమి? నింద మోపు నోరు మూసికొని, గర్భిణికి ఐరను మాత్రలు మ్రింగించి, నెల నెల పరీక్షకు తీసికొనిపోయి, నొప్పులు రాగానే 108కి ఫోను చేయుట మన పని. ఆ బండ్లు మన రాష్ట్రమున 2005నుండి తిరుగుచున్నవి. రాహేలుకు త్రోవలో మంత్రసాని తప్ప వేరొక సహాయము లేకపోయెను. మన ఆడుబిడ్డలకు ఉన్నది.

మూడవది, రాహేలు విడిచిపోయినదానిని యాకోబు చేపట్టెను. ఆ చిన్నవాని ప్రాణముతో తండ్రి ప్రాణము పెనవేసికొని యున్నదని యూదా సాక్ష్యమిచ్చెను (ఆదికాండము 44:30). పడుచువారు పోవునపుడు ఏదో ఒకటి సగములో విడిచిపోవుదురు. ఒకరు బిడ్డను, ఒకరు ముసలి తల్లిని, ఒకరు చేయుచున్న పనిని. దానిని చేపట్టుటయే నిజమైన జ్ఞాపకము.

ఈ తెలుగుదేశమునే చూడుడి. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు (1862-1939) మన సంఘమువారు కారు, బ్రహ్మసమాజస్థులు. ఆయన యౌవనమందే భార్యను పోగొట్టుకొని మరల పెండ్లాడలేదు. ఆ ఒంటరితనములో చేదు పెంచుకొనక, కాకినాడ కళాశాలలో విద్యార్థులకు తండ్రివలె నుండి, పిఠాపురం రాజావారి సహాయముతో అనాథ బిడ్డలకు శరణాలయము నిలుపుటకు పాటుపడెను. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడాయెను. అయినను దిక్కులేని బిడ్డలకు దిక్కైనందుననే జనులు ఆయనను తలంచుకొందురు.

మన చేతనున్న తెలుగు సువార్త కథయును వినుడి. 1805లో లండను మిషనరీ సంఘము పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను యౌవనస్థులిద్దరు విశాఖపట్టణము వచ్చిరి. మన భాష నేర్చి, ఆనందరాయరు అను తెలుగు విశ్వాసి తోడ్పాటుతో సువార్తలను తెలిగింపసాగిరి. క్రాన్ 1809లోను, డెస్‌గ్రాంజెస్ 1810లోను కన్నుమూసిరి. పని అంతటితో ఆగినదనియే ఎవరైనను తలంతురు. కాని మిగిలినవారు ఆ వ్రాతప్రతులను విడువలేదు. 1812లో శ్రీరాంపూరులో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగున అచ్చుపడెను. అచ్చు పుస్తకమును వారిద్దరును చూడలేదు. వారి చేతిపనిని విడువని వారివలన అది మన పూర్వుల యొద్దకు వచ్చెను.

సమాధిమీద రాయి వద్దని మేమనము. యాకోబు నిలిపెను గదా. కాని అప్పు చేసి జ్ఞాపకార్థ కూడికకు విందు పెట్టి, సమాధికి సున్నము వేయించి, పోయినవాని బిడ్డకు బడి పుస్తకములు కొననియెడల, ఆ రాయి మనకు విరోధముగా సాక్ష్యమిచ్చును.

ఇంతటితో చాలునా? చాలదు. పేరు పలికినను, బిడ్డను పెంచినను, పోయిన ముఖము కనబడదు. యాకోబు స్తంభము రాహేలును తిరిగి తేలేదు. అందుచేతనే ప్రవక్తయైన యిర్మీయా, రాహేలు ఇంకను తన పిల్లలకొరకు ఏడ్చుచున్నదని చెప్పి, వెంటనే ఆమెకు దేవుని వాగ్దానమును వినిపించెను (యిర్మీయా 31:15-17). నాయీను గవిని యొద్ద ప్రభువు విధవరాలి ఒక్కగానొక్క కొడుకును లేపి, మరల తల్లికి అప్పగించెను (లూకా 7:11-15). ఆ అప్పగింతయే మన నిరీక్షణ. పౌలు థెస్సలొనీకవారికి దుఃఖపడవద్దని వ్రాయలేదు, నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని వ్రాసెను (1 థెస్స. 4:13-14). ఆ పౌలు ఏ గోత్రమువాడు? బెన్యామీను గోత్రమువాడు (ఫిలిప్పీ 3:5). ఎఫ్రాతా మార్గమున దుఃఖపు కొడుకని పేరు పడిన ఆ పసికందు సంతతినుండియే, సమాధులు తెరవబడునను వార్తను జనములకు మోసికొనిపోయిన సేవకుడు పుట్టెను.

కావున ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో, ఎన్నడును ఎత్తని ఆ పేరును ఎత్తుడి. పెట్టెలోని ఫోటోను గోడకు తగిలింపుడి. ఆ తల్లి యేడ్చిన యెడల ప్రక్కన కూర్చుండుడి. ఇంటనున్న బిడ్డను, కోడలిని మంచి పేరున పిలువుడి. పేరు పెట్టి తన గొఱ్ఱెలను పిలుచు కాపరి, మన పెదవులు పలుకలేని పేరును మరచువాడు కాడు. ఆయన కృప మీ యిండ్లలో నుండును గాక. ఆమేన్.