నవ్విన తరువాత: 'యోజో సెన్కి' నాయిక పట్ల ప్రేక్షక స్పందన – ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

క్రూరపాత్రను చూసి ప్రేక్షకుడు ఆనందించడం దోషమా? అలంకారశాస్త్రానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. రంగస్థలం మీద, వెండితెర మీద దుర్యోధనుని ఠీవికి చప్పట్లు కొట్టిన తెలుగు ప్రేక్షకులు అధర్మాన్ని ఆమోదించారని ఎవరూ అనరు. 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ' చిత్రంలో దుర్యోధన పాత్రకు లభించిన ఆదరణ ఇందుకు చాలినంత నిదర్శనం. అయితే ఆ ఆదరణ నిశ్చింతగా సాగడానికి ఒక కారణం ఉంది. కథ ఎటు పోతుందో ప్రేక్షకునికి ముందే తెలుసు. ధర్మం ఏ పక్షాన ఉందో ఇతిహాసం ఏనాడో నిర్ణయించింది. తీర్పు చెప్పే భారం ప్రేక్షకుని మీద లేదు.

ఆ భారాన్ని కథ స్వీకరించనప్పుడు పరిస్థితి మారుతుంది. పైగా పాత్ర తాను చేసే ప్రతి ఘాతుకానికీ చట్టసమ్మతమైన కారణం చూపిస్తున్నప్పుడు, ఆ పాత్రను మెచ్చిన ప్రేక్షకుని బాధ్యత ఏమిటి? జపాన్ యానిమే 'యోజో సెన్కి' నాయిక తాన్యా దెగురెచాఫ్ పట్ల వ్యక్తమయ్యే స్పందనలు ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ఆధారం కల్పిస్తాయి.

రచన – నాయిక

కార్లో జెన్ రచించిన ఈ లైట్ నవల 2013 నుంచి పుస్తకరూపంలో వెలువడింది. యుతాకా ఉఎమురా దర్శకత్వంలో స్టూడియో నట్ దీనిని 12 భాగాల ధారావాహికగా రూపొందించగా, 2017 జనవరి నుంచి మార్చి వరకు ప్రసారమైంది. కొనసాగింపుగా 2019లో చలనచిత్రం విడుదలైంది. 'యోజో' అంటే పసిపిల్ల, 'సెన్కి' అంటే యుద్ధవృత్తాంతం. మూలంలోని పేరు నాయిక స్వభావాన్ని గురించి ఏమీ చెప్పదు. ఆంగ్ల ప్రేక్షకులకు చేరేసరికి ఆ పేరు 'దుష్టురాలైన తాన్యా గాథ' అనే అర్థంలోకి మారింది. మూలం చెప్పని తీర్పును అనువాదం శీర్షికలోనే చెప్పేసింది. ఆ తీర్పును ఎవరు చెప్పాలన్నదే ఈ రచన లేవనెత్తే అసలు ప్రశ్న.

కథ 2013 నాటి టోక్యోలో మొదలైన జీవితానికి కొనసాగింపు. ఒక సంస్థ సిబ్బంది విభాగంలో పనిచేసే ఉద్యోగి, పనితీరు బాగాలేని మరో ఉద్యోగిని నియమాల ప్రకారం తొలగిస్తాడు. ఎదుటివాని కన్నీళ్లు అతనికి అర్థం కావు. తొలగింపునకు గురైనవాడు అతనిని రైలు కిందికి నెట్టివేస్తాడు. మరణక్షణంలో, తానే సృష్టికర్తనని చెప్పుకొనే శక్తి ఒకటి ఎదురవుతుంది. దానిని దైవమని ఒప్పుకోక అతడు 'బీయింగ్ ఎక్స్' అని పేరు పెడతాడు. అవిశ్వాసానికి శిక్షగా ఆ శక్తి అతనిని మంత్రవిద్య పనిచేసే మరో లోకంలో అనాథ బాలికగా పుట్టిస్తుంది. ఆ లోకం మొదటి ప్రపంచయుద్ధ కాలపు ఐరోపాను పోలి ఉంటుంది. జర్మనీని తలపించే సామ్రాజ్యపు సైన్యంలో చేరిన ఆ బాలికే తాన్యా.

ఆమెకు యుద్ధం మీద మోజు లేదు. వెనుకవరుసలో సురక్షితమైన ఉద్యోగం, పదోన్నతి, ప్రశాంత జీవితం ఆమె కోరికలు. అందుకోసం చూపిన సామర్థ్యమే ఆమెను మళ్లీ మళ్లీ యుద్ధరంగానికి నెడుతుంది. తన స్వార్థం కోసం పలికిన మాటలను పై అధికారులు దేశభక్తిగా అర్థం చేసుకుంటారు. కథలోని హాస్యమంతా దాదాపుగా ఈ అపార్థం నుంచి పుట్టిందే.

మూడు స్పందనలు

ఈ నాయిక పట్ల ప్రేక్షక స్పందనలు స్థూలంగా మూడు విధాలు. మొదటిది ప్రశంస: ఆమె భావోద్వేగాలకు లొంగదు, పని తెలిసిన వ్యక్తి, తన దళాన్ని ప్రాణాలతో వెనక్కు తెస్తుంది. రెండవది జుగుప్స: పసిపిల్ల ముఖం తొడిగి సైనికవాదాన్ని ముద్దుగా చూపుతున్నారు. మూడవది ఉపేక్ష: ఇది కల్పన, వ్యంగ్యం, ఇందులో నీతిచర్చకు చోటులేదు.

ఈ మూడు స్పందనలకూ కథలోపలే ప్రతినిధులు ఉన్నారు. ఉపసేనాని విక్టోరియా సెరెబ్రియాకోవ్ తాన్యాను నమ్మి అనుసరిస్తుంది. సైనిక పాఠశాలలో ఆమె ప్రవర్తన చూసిన నాటి నుంచి అధికారి రెరుగెన్ ఆమెలో బాలికను గాక ఒక వికృతిని చూస్తాడు. సేనాపతి జెట్టూర్‌కు ఆమె స్వభావంతో పనిలేదు. ఆమె ఆలోచనల ప్రయోజనం చాలు. ప్రేక్షకులు తమవనుకున్న అభిప్రాయాలను కథ ముందే పాత్రలకు పంచిపెట్టింది.

ప్రేక్షకునికి మాత్రమే దక్కిన సౌకర్యం ఒకటుంది. తాన్యా అంతరంగ భాషణం అతనికి ఒక్కడికే వినిపిస్తుంది. సినీ తాత్త్వికుడు మరీ స్మిత్ 1995లో వెలువరించిన గ్రంథంలో పాత్రతో కలిసి నడవడానికీ, పాత్ర పక్షం వహించడానికీ తేడా చూపాడు. ఒకరి కంటితో లోకాన్ని చూసినంత మాత్రాన వారి వైపు నిలబడినట్టు కాదు. రెండవ వర్గపు విమర్శకులు ఈ తేడాను గమనించరు. తాన్యా మనసు తెలిసినవారందరినీ ఆమె పక్షపాతులుగా లెక్కిస్తారు. అయితే మొదటి వర్గం కూడా అంత సులువుగా తప్పించుకోలేదు. కలిసి నడిచేవారు ఎక్కడ పక్షం వహించడం మొదలుపెట్టారో వారికే తెలియకపోవచ్చు.

బాలిక గొంతులో హెచ్చరిక

ఆ మార్పు జరిగే చోటును డాసియా ఘట్టం స్పష్టంగా చూపిస్తుంది. శత్రు రాజధానిలోని ఆయుధ కర్మాగారం మీద దాడికి ముందు, అక్కడి పౌరులను హెచ్చరించాలన్న నియమాన్ని తాన్యా గుర్తుచేసుకుంటుంది. చారిత్రక ప్రపంచంలో 1907 నాటి హేగ్ నిబంధనలలోని 26వ అధికరణం ఇలాంటిదే: బలప్రయోగంతో చేసే నేరు దాడి సందర్భంలో తప్ప, బాంబుదాడికి ముందు సేనాని స్థానిక అధికారులకు తెలియజేయడానికి చేయగలిగినదంతా చేయాలి. తాన్యా ఆ విధిని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. కాకపోతే హెచ్చరికను బడిపిల్ల ప్రతిజ్ఞ చదివినట్టు ముద్దుముద్దు గొంతుతో చదువుతుంది. విన్నవారు ఎవరూ దానిని నిజమనుకోరు. కర్మాగారం పేలిపోతుంది.

ఈ ఘట్టంలో ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆ నవ్వుకు మూలం తెలివి పట్ల మెప్పు. నియమం అక్షరాలా నెరవేరింది, నియమం ఉద్దేశించిన రక్షణ మాత్రం ఎవరికీ అందలేదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే హాస్యానికి కారణం. ఆ దూరంలో చనిపోయినవారు ఉన్నారన్న సంగతి నవ్వే క్షణంలో స్ఫురించదు.

రసాభాస – కాలభేదం

భారతీయ అలంకారశాస్త్రం ఇక్కడ ఉపకరిస్తుంది. వీరరసానికి స్థాయిభావం ఉత్సాహం, రౌద్రానికి క్రోధం. భరతుడు రౌద్రాన్ని రాక్షసులకు, దానవులకు, ఉద్ధతులైన మానవులకు చెప్పాడు. తాన్యాలో క్రోధం ఉన్నా అది బీయింగ్ ఎక్స్ మీద. తాను చంపేవారి మీద కాదు. యుద్ధోత్సాహం పైకి కనిపించేదే గాని లోపల లేదు. నాయికా విభాగాలను వెదికినా ఆమెకు చోటు దొరకదు. ధీరోద్ధతత్వాన్ని దశరూపకకారుడు నాయకునికి చెప్పాడు. నాయికను మాత్రం స్వీయ, పరకీయ, సామాన్య అని నాయకునితో ఉన్న సంబంధాన్ని బట్టి విభజించాడు. కోపం లేకుండా, ద్వేషం లేకుండా, దస్త్రం మీద సంతకం చేసినంత సులువుగా చంపే నాయిక ప్రాచీనుల ఊహకు అందని పాత్ర. ఆమె వీరం వీరాభాస.

రసాభాసను ప్రేక్షకుడు ఆస్వాదించడా అన్న ప్రశ్నకు అభినవగుప్తుడు 'లోచనం'లో ఇచ్చిన సమాధానం ఈ చర్చకు కీలకం. సీత పట్ల రావణుని కాంక్షను వింటున్నంతసేపు సామాజికునికి అది శృంగారంగానే తోస్తుంది, ముత్యపుచిప్పలో వెండి తోచినట్టు. అది అనుచితమన్న ఎరుక తరువాతి ఆలోచన వల్ల కలుగుతుంది, అప్పుడది హాస్యానికి దారితీస్తుంది. తొలి అనుభవాన్ని అభినవగుప్తుడు నేరంగా పరిగణించలేదు. అదే సమయంలో తుది అనుభవంగానూ అంగీకరించలేదు.

తాన్యా విషయంలో ఈ క్రమం తలకిందులవుతుంది. రావణుని ఘట్టంలో నవ్వు చివర వస్తుంది, అది విమర్శ ఫలం. డాసియా ఘట్టంలో నవ్వు మొదటే వస్తుంది, విమర్శ ఆ నవ్వును దాటి రావాలి. నవ్వు చివర వస్తే అనౌచిత్యాన్ని పట్టి చూపుతుంది. ముందే వస్తే దానిని కప్పివేస్తుంది. అందువల్ల తాన్యాను చూసే ప్రేక్షకునికి తరువాతి ఆలోచన దానంతటదే కలగదు. దానికి ప్రయత్నం కావాలి.

కల్పితమైనది పాత్ర, వాదం కాదు

మూడవ వర్గపు ఆక్షేపణ ఇక్కడ ఎదురవుతుంది. కల్పనలోని మరణాలు ఎవరి మరణాలూ కావు. కనుక తరువాతి ఆలోచన అవసరం ఏమిటి? ఈ ఆక్షేపణలో సగం నిజం ఉంది. కల్పిత పౌరుల మరణానికి నవ్విన ప్రేక్షకుడు ఎవరికీ హాని చేయలేదు. కానీ అతడు మెచ్చుకున్నది మరణాన్ని కాదు, దానికి చెప్పిన కారణాన్ని.

అరెన్ ఘట్టం ఈ విషయాన్ని తేటతెల్లం చేస్తుంది. సామ్రాజ్యసేన వెనుకవైపున ఉన్న అరెన్ నగరం తిరుగుబాటు చేసి సరఫరా మార్గాన్ని అడ్డుకుంటుంది. పౌరులున్న నగరం మీద ఫిరంగులు ప్రయోగించడానికి చట్టం ఒప్పుకోదు. పౌరులను వెళ్లిపొమ్మని ముందుగా హెచ్చరించి, ఆ తరువాత మిగిలినవారిని యోధులుగా పరిగణిస్తే చట్టం అడ్డురాదన్న ఉపాయం సైన్యానికి దొరుకుతుంది. ఆ ఉపాయానికి మూలం యుద్ధకళాశాలలో తాన్యా రాసిన వ్యాసమే. పరీక్ష కోసం చేసిన తర్కం నగరాన్ని కాల్చే ఆజ్ఞగా తిరిగివస్తుంది. పారిపోతున్నవారి మీద కాల్పులకు యువ సైనికుడు గ్రాంట్జ్ వెనుకాడితే, ఈరోజు తప్పించుకున్నవారు రేపు పగతో తుపాకి పట్టుకుంటారని ఆమె వాదిస్తుంది.

అరెన్ అనే నగరం లేదు. కానీ 'హెచ్చరించాం కనుక మిగిలినవారు యోధులే' అన్న వాదం కల్పితం కాదు. కల్పిత లోకంలో ఒక మనిషిని చంపితే వాస్తవ లోకంలో ఎవరూ చావరు. కల్పిత లోకంలో ఒక వాదాన్ని ఒప్పుకుంటే మాత్రం ఆ వాదాన్ని ఒప్పుకున్నట్టే. రెండు రెళ్లు నాలుగు అని కథలోని పాత్ర చెప్పినా, బడిలోని పంతులు చెప్పినా దాని సత్యం ఒకటే. అలాగే నియమం పాటిస్తే నేరం ఉండదన్న మాట తాన్యా నోట వినిపించి సబబుగా తోస్తే, అది కథ ముగిశాక కూడా సబబుగానే తోస్తుంది. సంఘటనలు తెర దగ్గర ఆగిపోతాయి. కారణాలు ప్రేక్షకునితో ఇంటికి వస్తాయి.

వచ్చేది యుద్ధభూమికి సంబంధించిన కారణం మాత్రమే కాదు. అరెన్ మీద ఫిరంగులకు అనుమతి ఇచ్చిన తర్కమే మొదట టోక్యో కార్యాలయంలో ఒక ఉద్యోగి జీవనాధారాన్ని తీసివేసింది. నియమం ఉంది, అవకాశం ఇచ్చాం, ఫలితం చూపలేదు, కనుక ఇది మా నిర్ణయం కాదు. ప్రేక్షకులలో చాలామంది ఈ తర్కాన్ని యుద్ధంలో ఎరుగరు, ఉద్యోగంలో ఎరుగుదురు. కొందరు దానికి గురైనవారు, కొందరు దానిని ప్రయోగించినవారు. తాన్యా సబబుగా తోచడానికి ఈ పరిచయం తోడ్పడుతుంది. ఐక్మన్ విచారణ గురించి 1963లో వెలువడిన గ్రంథంలో హన్నా అరెంట్ గుర్తించిన లక్షణం ఇటువంటిదే: ఘోరాలు చేయడానికి రాక్షస స్వభావం అక్కరలేదు, తాను చేస్తున్నదేమిటో ఆలోచించకపోవడం చాలు. అయితే ఐక్మన్‌ను చూసి ఎవరూ ముచ్చటపడలేదు. తాన్యా ఆలోచనలేనిది కాదు, చురుకైనది. అనాలోచన ఇక్కడ పాత్రను విడిచి ప్రేక్షకుని దగ్గరకు చేరుతుంది.

తాన్యా కూడా బాధితురాలే కదా అన్న సమాధానం వినిపిస్తుంది. అది వాస్తవమే. యుద్ధాన్ని ఆమె కోరలేదు, ఒక నిరంకుశ శక్తి ఆమెను అందులోకి తోసింది. ఈ కారణంగా ఆమె మీద జాలి కలగడం న్యాయం. కానీ జాలి ఒక వ్యక్తికి చెందుతుంది, ఆమె వాదానికి చెందదు. తాన్యాను క్షమించిన ప్రేక్షకుడు అరెన్ ఉపాయాన్ని క్షమించనవసరం లేదు.

ముగింపు

తాన్యాను చూసి నవ్వడం దోషం కాదు. ఆ నవ్వును నిషేధించాలనే విమర్శ, ప్రేక్షకుని తొలి అనుభవాన్నే తుది తీర్పుగా పొరబడుతుంది. కల్పన కనుక ఆలోచించనక్కరలేదనే వాదం కల్పనలో ఏది కల్పితమో, ఏది కాదో విడదీయదు. నవ్విన తరువాత ఎందుకు నవ్వామో అడగకపోవడమే అసలు లోపం.

సహృదయత్వమంటే పాత్రతో తన్మయం చెందడం మాత్రమేనని తరచుగా భావిస్తారు. అభినవగుప్తుని వివేచన ప్రకారం చూస్తే అది సగమే. చిప్పలో వెండిని చూడగలగడం ఎంత అవసరమో, అది చిప్ప అని తరువాత గుర్తించడమూ అంతే అవసరం. ఇతిహాసాలు ఆ గుర్తింపును ప్రేక్షకుని పక్షాన తామే చేసిపెట్టాయి. 'యోజో సెన్కి' ఆ పనిని అతనికి వదిలేసింది. ఆమె హెచ్చరిక విని డాసియా పౌరులు కదలలేదు, ఎందుకంటే ఆ గొంతు పసిపిల్లది. ఆ గొంతును చూసి నవ్వి ఊరుకున్న ప్రేక్షకుడు కూడా ఆ హెచ్చరికను విననట్టే.