దాత వ్రతము – బిడ్డ పళ్ళెము

వ్రతము పట్టినవానికి ఆ వ్రతము కట్టుబాటు. పట్టనివాని పళ్ళెముమీద అది ఎంతవరకు చెల్లును? మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసనున్న సిరొంచా తాలూకావంటి చోట్ల ఈ ప్రశ్న గ్రంథములలో నిలువక, వర్తకుని గల్లాపెట్టెవద్దకే రాదగినదిగా నున్నది.

సిరొంచా ప్రాణహిత ఒడ్డున నున్నది. నదికి ఆవల తెలంగాణ. దిగువన కాళేశ్వర సంగమము. ఇండ్లలో తెలుగు, గోండి, మాడియా, బడిలో మరాఠీ. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత కలిసి పొంగినప్పుడు తీరగ్రామములు మునిగి, జనమును ఎత్తైన చోట్లకు తరలింపవలసి వచ్చెను. పొలమున ఇసుక మేటవేసి, ఇంట గింజలు తడిసిన యేట బీదబిడ్డకు నమ్మదగిన భోజనము బడిలో పెట్టు ఖిచిడీ ఒక్కటే కావచ్చును.

ఈ భోజనము ఎవరో దయతలచి వేయు పిడికెడు కాదు. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము పథకము నారంభించెను. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టవలెననెను. 2004లో, కరవు ప్రాంతములలో వేసవి సెలవులందును పెట్టవలెననెను. 2013 ఆహారభద్రతా చట్టముతో అది హక్కైనది. ప్రాథమిక తరగతుల బిడ్డకు 100 గ్రాముల ధాన్యము, 20 గ్రాముల పప్పు. మొత్తముమీద 12 గ్రాముల మాంసకృత్తులు అందవలెను. (పేరులో మాంసమున్నను అవి పప్పులోను ఉన్నవే.)

2023 నవంబరులో మహారాష్ట్ర ప్రభుత్వము వారమున కొకనాడు గ్రుడ్డు చేర్చెను, తిననివారికి అరటిపండు. శాకాహారులు కొందరు అభ్యంతరము చెప్పిరి. 2025 జనవరిలో ప్రభుత్వము గ్రుడ్డుకు వేరుగా ధనమిచ్చుట మాని, కావలెనన్న బడులు ప్రజల విరాళములతో సమకూర్చుకొనవచ్చుననెను. ప్రజల విరాళమనగా చందా పుస్తకము ముందుగా వచ్చునది అంగడివీధికే గదా!

అక్కడ శ్రావకుడు చిక్కున పడును. తాను చేయుట, ఇతరులచేత చేయించుట, చేసినదానికి సమ్మతించుట – మూడింటను కర్మబంధ మున్నదని అతడు బాల్యమునుండి వినుచున్నాడు. గ్రుడ్డుకని రూపాయి ఇచ్చుట చేయించుటే. ఇప్పటి గ్రుడ్లలో జీవము లేదని వాదించువారున్నారు. పంజరములోని కోడి కష్టమును ఆ వాదము తీర్చదు. కనుక అతడు ఇవ్వననినచో తప్పుపట్టుటకు లేదు.

అయితే అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో బంధము, వధలతోపాటు అన్నపాననిరోధ మనునదియు నొకటి. తనపై ఆధారపడిన ప్రాణికి తిండి అడ్డుట కూడ హింసయే. గ్రుడ్డును తీయించి ఊరకున్నవాడు ఒక హింసను తప్పించి మరియొకదానిలో కాలు పెట్టినవాడగును.

లెక్క చూడుడు. ఒక గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు – ఆనాటి భోజనమున రావలసినదానిలో సగము. అరటిపండులో 1 గ్రాము. ఆరు తీసికొని ఒకటి జమకట్టువానిని ఏ అంగడిలోనైనను ఏమందురో వర్తకులకు చెప్పనక్కరలేదు. 25 గ్రాముల వేరుసెనగపప్పుతో చేసిన బెల్లపు ఉండయైనచో ఆ ఆరును పూడ్చును. గ్రుడ్డులోని బి-12 విటమిను మాత్రము పల్లీలో లేదు, పాలలో నున్నది. కావున ఉండతోపాటు గ్లాసెడు పాలు కూడ లెక్కలోనికి రావలెను. ఇంత ఇవ్వగలవాడు, ‘నా ధనముతో గ్రుడ్డు వలదు’ అనవచ్చును. ఆ మాటకు బరువుండును. ఏమియు ఇవ్వక ఊరి బిడ్డలందరికి గ్రుడ్డు మాన్పింపవలెనని అర్జీలు పెట్టుట వేరు సంగతి. చేపయు కోడియు వండు మాడియా తల్లి పొయ్యిని పాపమని బడిలో బిడ్డకు నేర్పుటకు ఎవరికి అధికారమున్నది? ఆ బిడ్డ ఏ వ్రతమును పట్టలేదు.

మహావీర జయంతినాడు పంచు లడ్డు సంతోషమే. కాని బడి ఏడాదికి 200 దినములకు తక్కువ కాకుండ నడుచును.

ఇక కాలము సంగతి. చాతుర్మాస్యమున సాధువులు ఒక్కచోట నిలుచునది దారిలోని ప్రాణులను తొక్కకుండుటకే. సిరొంచా వాగులు పొంగి దారులు తెగునదియు ఆ నెలలలోనే. తాజాపాలు అప్పుడు చేరవు, చేరినను నిలువవు; పాలపొడి నిలుచును. డబ్బాలు, పల్లీ బస్తాలు, బెల్లము ఆషాఢమునకు ముందే బడి కొట్టులో దింపించుట మేలు.