ఇత్తడి సర్పము



విగ్రహారాధనమును గూర్చి క్రైస్తవ గ్రంథములలో నున్న కథలలో నాకు మిక్కిలి విచారణీయముగా తోచునది అహరోను పోతపోసిన బంగారు దూడ కథ గాదు. ఆ దూడ మొదటినుండియు అపరాధమే. మోషే యెత్తించిన ఇత్తడి సర్పము సంగతి వేఱు. అరణ్యమున పాములు కఱచి జనులు చచ్చుచుండగా దైవాజ్ఞచేతనే అది చేయబడెననియు, దానిని చూచినవారు బ్రదికిరనియు సంఖ్యాకాండము చెప్పుచున్నది. ఆజ్ఞ గలదు, ఉపకారము గలదు, ప్రవక్త హస్తము గలదు. ఇంతకంటె మంచి హక్కు ఏ ప్రతిమకు గలదు? అయినను శతాబ్దములు గడచిన పిమ్మట, క్రీ. పూ. 8వ శతాబ్ది చివరను యూదాదేశము నేలిన హిజ్కియా రాజు, జనులు దానికి ధూపము వేయుచుండుట చూచి దానిని తుత్తునియలు గావించెను. నెహుష్టాను అని దానికి పేరు. వట్టి ఇత్తడి యను ధ్వని ఆ పేరులోనే యున్నది.

నేను న్యాయవాదిని. తీఱిపోయిన ఋణపు పత్రమును పెట్టెలో దాచియుంచగా, తరువాతి తరమువారు దానిని పట్టుకొని దావాకు వచ్చుట చూచితిని. పత్రము కల్ల గాదు, చేవ్రాలును కల్ల గాదు. దాని పని తీఱినది, అంతియే. సర్పము పనియు అట్లే యొకనాడు తీఱెను. దానిని భద్రపఱచినవారికి కృతజ్ఞతయే యుండెననుకొందును. ఆ కృతజ్ఞత ఎన్నడు ధూపముగా మాఱెనో గ్రంథము చెప్పదు. ధూపము వేసినవారికిని తెలిసియుండదు. తరువాత యేసు తన మరణమును సూచించుచు ఆ సర్పమునే ఉపమానముగా గైకొనెనని యోహాను సువార్తయందున్నది. ఇత్తడి లేకపోయినందున ఆ ఉపమానమునకు కొఱత యేమియు కలుగలేదు.

యరొబాము కథలో ఇంత సూక్ష్మము లేదు. ప్రజలు యెరూషలేమునకు పోయినచో తన సింహాసనము కదలునని వెఱచి, బేతేలునందొకటి, దానునందొకటి దూడలను నిలిపి, పండుగ నెలను సైతము తన మనస్సుననే కల్పించుకొనెను. దేవుడు రాజ్యతంత్రమునకు గుమాస్తా యయ్యెను.

ఇక పౌలు. కొలొస్సయులకు వ్రాసిన లేఖలోని 'స్వేచ్ఛారాధన' యను మాటను బోధకులు తఱచుగా విగ్రహములపై ప్రయోగింతురు. దయచేసి ఆ ఘట్టమును మరల చదువుడు. అచట ప్రతిమ యొక్కటియు లేదు. ఇది ముట్టరాదు, అది రుచిచూడరాదు అను కట్టుబాట్లు, దేవదూతలయెడ భక్తి, వినయముయొక్క వేషము, దేహశిక్ష - ఇవి యున్నవి. లోహము లేకయే విగ్రహమును పోతపోయవచ్చునన్నమాట! చదువుకొన్న మనకు ఇది వినుటకు కష్టము. ఏలయన ఱాతికి మ్రొక్కమను గర్వము మనకు మెండు.

1524వ సంవత్సరమున స్విట్జర్లాండునందలి జూరిక్ నగరములో, జ్వింగ్లీ బోధ ఫలితముగా, నగరసభ ఆజ్ఞపై దేవాలయములనుండి ప్రతిమలు తొలగింపబడెను. గోడలకు సున్నము వేసిరి. ఆ పనిని నేను నిందింపను. కాని మూడేండ్లు నిండకమునుపే, 1527 జనవరి 5వ తేదిని, ఆ సభయే ఫెలిక్స్ మాంట్జ్ అనువానిని చేతులు కట్టించి లిమ్మత్ నదిలో ముంచి చంపించెను. శిశువులకిచ్చిన బాప్తిస్మము చెల్లదని, వయస్సు వచ్చినవారికి మరల ఇచ్చుట అతని నేరము. ఆ దినము శనివారము. మఱునాడు, సున్నము వేసిన ఆ గోడల నడుమ, ఆదివారపు ఆరాధన యథాప్రకారముగా జరిగియుండును.