కాళ్ళు పట్టినవాడు

కరీంనగర్‌లో కాలేజీ కబడ్డీ పోటీలకి బహుమతులివ్వడానికి వెళ్ళాను. ఉత్తమ ఆటగాడి కప్పు కూతకెళ్ళి పాయింట్లు తెచ్చిన కుర్రాడికిచ్చాను. మెట్లు దిగుతుంటే ఓ ముసలాయన, "మరి కాళ్ళు వట్టినోనికి ఏమిస్తిరి బిడ్డా?" అన్నాడు. వాడి పేరైనా నాకు తెలీదు!

2021లో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయి కనకరాజుగారికి గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ వచ్చినప్పుడూ ఇదే ప్రశ్న వేసుకోవలసింది. దీపావళికి గోండులు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని గుంపుగా ఆడే ఆట అది. వాయించేవాళ్ళు ఆగితే అడుగు పడదు. కానీ, ఆయన ఎందరికో నేర్పారు. ఆ ఒక్క పేరుతోనే గుస్సాడీ మాలాంటివాళ్ళ చెవిన పడింది. పతకం ముక్కలు చేసి గుంపంతటికీ పంచితే పడేదా?

ఇంటికొచ్చి ఫోన్ చేసి, ఆ కాళ్ళు పట్టిన కుర్రాడి పేరు కనుక్కున్నాను. మళ్ళీ పిలిస్తే కప్పు ఎవరికిస్తానంటారా? కూతకెళ్ళినవాడికేనేమో. ముసలాయన మాత్రం అక్కడ ఉండకూడదు.