కొవ్వు గిన్నె – పొరుగువాని మనస్సాక్షి



మూడు వైపులా ఆంధ్ర సరిహద్దు గల మన పావగడ తాలూకానుండి బెంగళూరు మొదలగు పట్టణములకు వెళ్లి స్థిరపడిన కుటుంబములు ఒక ప్రశ్నను ఆలోచింపవలసియున్నది. పెద్దకూర కొవ్వును ఇంట కరిగించుట విశ్వాసికి తగునా?

పని చిన్నదే. కొవ్వును మాంసపు పీచు లేకుండ సన్నగా తరిగి, మందపాటి గిన్నెలో కొంచెము నీళ్లతో సన్నని సెగమీద పెట్టుదురు. నీరంతయు ఇగిరి, ముక్కలు ఎర్రబడి, నూనె తేటపడినప్పుడు గుడ్డతో వడగట్టుదురు. అది చల్లారి తెల్లగా గడ్డకట్టును. తడి తగలకుంటే చాలకాలము నిలుచును. నూనె కొనలేని ఇంటికి అది ఆధారము. అయితే దాని వాసన గోడలు దాటును.

లేవీయకాండము 7వ అధ్యాయము ఎద్దు, గొర్రె, మేకల క్రొవ్వు తినవద్దని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయములో పేతురు చూచిన దర్శనము తరువాత ఆ నియమము మనమీద లేదు. కనుక గిన్నె మనలను అపవిత్రపరచదు. కాని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయములలో మన స్వాతంత్ర్యము సహోదరునికే గాక బయటివారికిని అభ్యంతరము కాకూడదని బోధించెను. గోడకు గోడ ఆనుకొనిన అద్దె ఇండ్లలో పొరుగువాని మనస్సు నొచ్చునట్లయితే, మానుకొనుట నష్టము కాదు, ప్రేమయే.

చట్టమును ఉన్నది. 2021 జనవరిలో అమలులోనికి వచ్చిన కర్ణాటక చట్టము ఆవును, దూడను, ఎద్దును, 13 సంవత్సరములు నిండని గేదెను, దున్నను వధించుటను నిషేధించెను. ఎక్కడనుండి వచ్చినదో తెలియని కొవ్వును చౌకగా దొరికెనని కొనుట విశ్వాసికి తగదు.

అయితే మనలో కొందరు ప్రేమచేతను గాక, చట్టమునకు లోబడియును గాక, సిగ్గుచేత మానుచున్నారు. "మా వంశములో ఎవరును ముట్టలేదు" అని పిల్లలకు నేర్పుచున్నారు. ఊరినుండి వచ్చిన అవ్వను పొరుగువారికి చూపుటకును వెనుకాడుచున్నారు. మానుట పైకి ఒకే విధముగా కనబడినను, దేవుని యెదుట ఒకటి కాదు.

1866 తరువాత ఒంగోలు ప్రాంతములో క్లౌ దొరగారి కాలమున విశ్వసించిన మాదిగ సహోదరులు చచ్చిన గొడ్డు మాంసము తినమనియు, ఆదివారము పని చేయమనియు, విగ్రహములకు మ్రొక్కమనియు తీర్మానించుకొనిరి. దానివలన ఊరి పెద్దల కోపము భరించిరి. వారు విడిచినది వారికి శ్రమ తెచ్చెను. మనము దాచునది మనకు మర్యాద తెచ్చుచున్నది. ఈ తేడాయే మన హృదయమునకు పరీక్ష.

పొరుగువానికొరకు పొయ్యి ఆర్పుదము. కాని ఆ పొయ్యిమీద వండి మనలను పెంచిన తల్లులను ఎరుగమని చెప్పకుందుము. సత్యమును ప్రేమయు మన ఇండ్లలో కలిసి నివసించును గాక.